రాంనగర్‌లో లినక్స్ ఫోన్: కాల్ వస్తుందా, పైసలు పోతాయా?

2014 ఆగస్టు నుంచి 2016 ఆగస్టు దాకా, రెండేళ్లలో, మన దేశంలో నాలుగు రకాల లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లతో ఫోన్లు అమ్మకానికి వచ్చాయి. ముందుగా వచ్చినవి ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్లు: ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ 1,999 రూపాయలకి, అదే నెలలో స్పైస్ కంపెనీది 2,299కి. సెప్టెంబరులో ఫిన్లాండ్ కంపెనీ యోల్లా తన సెయిల్‌ఫిష్ ఫోన్‌ను స్నాప్‌డీల్‌లో 16,499కి పెట్టింది. 2015 జనవరిలో టైజెన్‌తో శామ్‌సంగ్ జెడ్1 వచ్చింది, ధర 5,700. ఆగస్టులో బీక్యూ కంపెనీ ఉబుంటు ఫోన్, 11,999. 2016 జులైలో మళ్లీ సెయిల్‌ఫిష్‌తో ఇంటెక్స్ ఆక్వా ఫిష్, 5,499. ఆ మరుసటి నెలలో శామ్‌సంగ్ జెడ్2, 4,590.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఏ మొబైల్ షాపు మెట్లెక్కి అడిగినా వీటిలో ఒక్కటీ దొరకదు. ఫోన్ల కోసం ఫైర్‌ఫాక్స్ ఓఎస్ తయారీని ఆపేస్తున్నట్టు మొజిల్లా 2015 డిసెంబరులోనే చెప్పేసింది. ఉబుంటు ఫోన్‌ను దాని సొంత కంపెనీ కనానికల్ 2017 ఏప్రిల్‌లో వదిలేసింది. టైజెన్ యాప్ స్టోర్ 2021 ఆఖరుకి మూతపడింది. అలాగని కథ ముగిసిపోలేదు. కనానికల్ వదిలేసిన ఉబుంటు టచ్‌ను యూబీపోర్ట్స్ అనే స్వచ్ఛంద బృందం ఎత్తుకుంది. 2017లోనే పోస్ట్‌మార్కెట్ ఓఎస్ మొదలైంది. 2020 జనవరిలో పైన్‌ఫోన్ తొలి బ్యాచ్ కొనుక్కున్నవాళ్ల చేతికి చేరింది. డెబియన్‌ను ఫోన్‌లోకి దింపే మోబియన్ కూడా అదే ఏడాది వచ్చింది. ఇవన్నీ పనిచేస్తున్నాయి. వీటిలో ఒకటి మాత్రమే జేబులో పెట్టుకుని రాంనగర్‌లో ఓ మామూలు మనిషి రోజు వెళ్లదీయగలడా అన్నదే తేలాల్సింది.

ఆండ్రాయిడ్ కూడా లినక్సే కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్ మీదే 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది. 2017 జులైలో ప్రకటించిన జియోఫోన్ కూడా లోపల లినక్సే. అందులో నడిచే కైఓఎస్ ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కొమ్మల్లో ఒకటి. 1,500 రూపాయల డిపాజిట్‌కి చేతికొచ్చిన ఆ చిన్న ఫోన్ ఒక్కటే ఈ వంశంలో మన వీధుల్లోకి నిజంగా వచ్చిందని చెప్పాలి. అయితే ఇక్కడ నేను లినక్స్ ఫోన్ అంటున్నది కెర్నెల్ మీద నడిచే సరుకంతా కూడా ల్యాప్‌టాప్ లినక్స్‌లో ఉన్నదే అయిన ఫోన్‌ని. గూగుల్ ఖాతా ఉండదు, ప్లే స్టోర్ ఉండదు, టెర్మినల్ ఉంటుంది.

ముందు సిమ్ ఎవరిదో చెప్పండి

ఫోన్ అంటే ముందు కాల్ రావాలి. ఇక్కడ లినక్స్ కంటే మన టెలికాం కంపెనీల చరిత్రే ఎక్కువ పనిచేస్తుంది.

జియో 2016 సెప్టెంబరు 5న మొదలైంది. ఆ కంపెనీకి 2జీ లేదు, 3జీ లేదు, మొదటి రోజు నుంచీ 4జీయే. 4జీలో మాట కూడా డేటాలాగే ప్యాకెట్లుగా పోతుంది. దాన్నే వోల్టీ అంటారు. ఫోన్‌కు వోల్టీ రాకపోతే జియో సిమ్‌తో ఇంటర్నెట్ వస్తుంది, ఎస్సెమ్మెస్ కూడా రావచ్చు, కాల్ మాత్రం రాదు. ఎయిర్‌టెల్ సంగతి వేరు. 2020 నాటికి 3జీని ఎత్తేసినా 2జీని ఉంచుకుంది. వీఐకీ 2జీ ఉంది. ఈ సిమ్‌లతో వోల్టీ లేని ఫోన్‌కు కాల్ వస్తే నెట్‌వర్క్ ఆ ఫోన్‌ను 4జీ నుంచి 2జీకి దించి కాల్ కలుపుతుంది. మాట్లాడినంతసేపూ నెట్ ఆగుతుంది, పెట్టేయగానే 4జీ తిరిగొస్తుంది. ఇబ్బందే గానీ పని జరుగుతుంది.

ఇప్పుడు ఫోన్ వైపు నుంచి చూద్దాం. లినక్స్ ఫోన్లలో వోల్టీ ఎందుకింత కష్టమంటే, దాని పనిలో పెద్ద భాగం చిప్ కంపెనీ మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ తయారుచేసేవాళ్లు ఒక్కో టెలికాం కంపెనీకి తగిన సెట్టింగుల ఫైళ్లను అందులో కూర్చి ఇస్తారు. స్వచ్ఛంద ప్రోగ్రామర్ల దగ్గర ఆ ఫైళ్లూ ఉండవు, వాటి పత్రాలూ ఉండవు. అందుకే ఉబుంటు టచ్‌లో వోల్టీ కొద్ది మోడళ్లకే ఉంది. సెయిల్‌ఫిష్‌లో కూడా ఏళ్ల తరబడి రాలేదు. 2016 జులైలో ఆక్వా ఫిష్ మన మార్కెట్లోకి వచ్చిన సమయం చూడండి. రెండు నెలలు తిరగకుండానే జియో వచ్చింది, దేశమంతా వోల్టీ వైపు పరుగు తీసింది. దురదృష్టమంటే అదే.

పైన్‌ఫోన్ ఈ విషయంలో కాస్త మెరుగు. అందులోని మోడెం క్వెక్టెల్ ఈజీ25-జీ. జియో మన దేశంలో వాడే 3, 5, 40 నంబర్ల 4జీ బ్యాండ్లు మూడూ దానికి పడతాయి. 900, 1800 మెగాహెర్ట్జ్ 2జీ కూడా పడుతుంది. తమాషా ఏమిటంటే ఆ మోడెం తనే ఓ చిన్న కంప్యూటర్. సొంత ప్రాసెసర్ ఉంది, అందులో నడిచేదీ లినక్సే. దాని సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగాన్ని స్వచ్ఛందంగా తిరిగి రాసి ఉచితంగా ఇచ్చినవాళ్లున్నారు. వోల్టీకి కావలసిన సెట్టింగుల ఫైళ్లు మోడెంలోనే ఉంటాయి, వాటిలో అన్ని దేశాలకూ సరిపోయేలా రాసిన సాధారణ ఫైలు కూడా ఒకటి. టెర్మినల్‌లో ఆదేశం ఇచ్చి దాన్ని ఎంచుకోవాలి. అది మన సిమ్‌తో కలిస్తే అదృష్టం.

ఈ విభాగానికి నా తీర్పు చిన్నది. లినక్స్ ఫోన్‌లో వేసే సిమ్ 2జీ ఉన్న కంపెనీదై ఉండాలి. జియో నంబరే కావాలంటే ముందు పోర్ట్ చేసుకోండి, తర్వాత ఫోన్ మార్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుండి అర్ధరాత్రి 112కి చేయాల్సి వచ్చే పరిస్థితి ఉంటే ఈ ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

టిఫిన్ బండి దగ్గర

ఇక పైసల సంగతి. 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ, 2025 ఆగస్టు ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. వాటి విలువ దాదాపు 24.85 లక్షల కోట్ల రూపాయలు. సగటు తీస్తే ఒక్కో లావాదేవీ సుమారు 1,240 రూపాయలు. కానీ అశోక్‌నగర్ హాస్టల్ కుర్రాడి సగటు అంత ఉండదు. ప్లేటు ఇడ్లీ, టీ, జిరాక్సు, రీడింగ్ రూమ్ నెల ఫీజు, అంతా క్యూఆర్ కోడే. పది రూపాయల టీకి కూడా డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, పక్కన స్పీకర్ డబ్బులు ముట్టాయని అరుస్తుంది.

లినక్స్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడపలేమా? నడపొచ్చు. 2021లో వచ్చిన వేడ్రాయిడ్ ఆ పనే చేస్తుంది. లినక్స్ లోపల విడిగా ఓ గది కట్టి అందులో ఆండ్రాయిడ్‌ను కూర్చోబెడుతుంది. చాలా యాప్‌లు అందులో బాగానే తెరుచుకుంటాయి. యూపీఐ యాప్ మాత్రం మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. ఎందుకో దగ్గర్నుంచి చూడాలి.

కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ వేయగానే, ఏ సిమ్ అని అడిగి, ఆ సిమ్ నుంచి ఓ ఎస్సెమ్మెస్ తనంతట తనే పంపిస్తుంది. అందులో అర్థం కాని అక్షరాల గొలుసు ఒకటుంటుంది. ఆ ఎస్సెమ్మెస్ ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి, ఈ నంబరూ ఈ ఫోనూ ఒకరివే అని అటువైపు సర్వర్ ముడివేస్తుంది. ఆ తర్వాతే బ్యాంకు ఖాతా కనబడటం, డెబిట్ కార్డు చివరి 6 అంకెలు అడగటం, ఓటీపీ రావడం, 4 లేదా 6 అంకెల పిన్ పెట్టుకోవడం. వేడ్రాయిడ్‌లోని ఆండ్రాయిడ్‌కు సిమ్ కనబడదు. సిమ్ బయట లినక్స్ చేతిలో ఉంటుంది. సిమ్ లేదు కాబట్టి ఎస్సెమ్మెస్ పోదు. ఎస్సెమ్మెస్ పోలేదు కాబట్టి ముడి పడదు. దీన్ని ఎలాగోలా దాటినా, ఇది గూగుల్ ధ్రువీకరించిన ఫోనేనా అని అడిగే ఇంకో పరీక్ష ఉంది. అందులో వేడ్రాయిడ్ తప్పుతుంది.

ఇందులో బ్యాంకులను తిట్టాల్సిన పనిలేదు. ఇంకొకరి నంబరుతో ఖాతా తెరవకుండా ఆపే తాళం అది. కాకపోతే ఆ తాళం రెండే రెండు కంపెనీల ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న ఫోన్లకు సరిపోయేలా చేశారు. డబ్బు చెల్లించడం లాంటి ప్రజా సదుపాయానికి అమెరికాలోని రెండు ప్రైవేటు కంపెనీల ముద్ర తప్పనిసరి కావడం నాకు మింగుడుపడని విషయం.

అందుకే పక్కదారుల లెక్క చూద్దాం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం 2022 మార్చి 8న రిజర్వ్ బ్యాంకు యూపీఐ 123పే మొదలుపెట్టింది. దేశంలో అలాంటివాళ్లు 40 కోట్లకు పైనే అని అప్పట్లో చెప్పారు. ఓ నంబరుకు ఫోన్ చేసి, గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కుతూ పోతే డబ్బు వెళ్తుంది. మొదట్లో ఒక్కో లావాదేవీకి 5,000 పరిమితి, 2024లో దాన్ని 10,000కి పెంచుతామని రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. కాల్ చేయగలిగే ఏ ఫోన్‌లోనైనా నడిచేది కాబట్టి లినక్స్ ఫోన్‌లోనూ నడుస్తుంది. అంతకంటే పాతది *99#. 2014 ఆగస్టు 28న దేశమంతటికీ వచ్చింది, పరిమితి 5,000. నెట్ అక్కర్లేదు, మెనూ అంకెల్లో వస్తుంది. 2జీ ఉన్న సిమ్ మీదే దీనిపై ఆశ పెట్టుకోవాలి.

అద్దె కట్టడానికి, ఇంటికి పంపడానికి 123పే చాలు. ఇడ్లీ బండి దగ్గర మాత్రం వెనక ఆరుగురు నిలబడి ఉండగా భాష ఎంచుకోవడానికి ఒకటి నొక్కుతూ కూర్చుంటే, వాళ్లు మనకి పెట్టే పేర్లు ఏ యాప్‌లోనూ ఉండవు. అక్కడ నోటే దిక్కు. నారాయణగూడ పెద్ద షాపుల్లో కార్డు ఉంది. 2021 జనవరి నుంచి 5,000 దాకా పిన్ లేకుండా తాకించి ఇవ్వొచ్చు. కాబట్టి జేబులో వంద, యాభై, ఇరవై నోట్లు, పర్సులో ఓ కార్డు పెట్టుకునేవాళ్లకు ఈ పరీక్ష సగం గట్టెక్కినట్టే. చిల్లర విషయంలో మాత్రం బండివాళ్ల ఓపిక గతంలో ఉన్నంత లేదు.

వాట్సాప్ 14 రోజుల గడువు

వాట్సాప్‌కు లినక్స్ యాప్ లేదు. మిగిలిన దారులు రెండు. మొదటిది, ఇంట్లో డ్రాయరులో ఓ పాత ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టి, లినక్స్ ఫోన్ బ్రౌజరులో వాట్సాప్ వెబ్ తెరవడం. ఆ అసలు ఫోన్‌ను 14 రోజులకు మించి ముట్టుకోకపోతే మిగతా చోట్ల లాగౌట్ అయిపోతుంది. రెండోది, వేడ్రాయిడ్‌లో వాట్సాప్ వేసుకుని, వచ్చిన ఓటీపీని చేత్తో కొట్టడం. యూపీఐలా ఇది తనంతట తాను ఎస్సెమ్మెస్ పంపాలని పట్టుబట్టదు కాబట్టి నడుస్తూ వచ్చింది.

ఈ రెండు దారుల మీదా ఇప్పుడు నీలినీడలున్నాయి. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లు రిజిస్టరైన సిమ్ ఉన్న ఫోన్‌లోనే నడవాలని, వెబ్ సెషన్లు 6 గంటలకు మించకుండా లాగౌట్ కావాలని కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశం ఇచ్చింది. మోసాలను అరికట్టడానికే అన్నారు. ఆ ఆదేశం అక్షరాలా అమలైతే వేడ్రాయిడ్ దారి మూసుకుపోతుంది, వెబ్ దారిలో రోజుకు నాలుగుసార్లు క్యూఆర్ స్కాన్ చేయాలి. జియోఫోన్ వాడినవాళ్లకు ఇది కొత్తేం కాదు. 2018లో ఆర్భాటంగా వచ్చిన వాట్సాప్‌ను 2024 జూన్‌లో కైఓఎస్ స్టోరు నుంచి చెప్పాపెట్టకుండానే అన్నట్టు తీసేశారు.

టెలిగ్రామ్ సంగతి నయం. దానికి లినక్స్ యాప్ ఎప్పటినుంచో ఉంది, ఫోన్ తెరకు సరిపోయేలా ముడుచుకుంటుంది కూడా. 563 గ్రూప్-1 పోస్టుల కోసం ఏళ్ల తరబడి చదివిన అశోక్‌నగర్‌లో కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు తిరిగేది ఎక్కువగా టెలిగ్రామ్‌లోనే. పీడీఎఫ్ చదవడంలో, ఫైళ్లు సర్దుకోవడంలో లినక్స్ ఫోన్ ఆండ్రాయిడ్ కంటే ముందుంటుందని నా అభిప్రాయం. ఫోల్డర్ అంటే ఫోల్డరే. ఏ యాప్ ఏ ఫైలును ఎక్కడ దాచిందో వెతుక్కోనక్కర్లేదు.

మిగతా పనులు చకచకా చెప్పుకోవచ్చు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైటులో హాల్ టికెట్, ఐఆర్‌సీటీసీ, డిజిలాకర్, ఉబర్, ఇవన్నీ బ్రౌజరులో తెరుచుకుంటాయి. 2020 ఫిబ్రవరి 7న మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మార్గం 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లు. వాటిలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మూడూ మన పేటవే. స్మార్ట్ కార్డు ఉంటే వాటికి ఫోనుతో పని లేదు. సిటీ బస్సులో నోటు చెల్లుతుంది. మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి ఆధార్ కార్డు చూపిస్తే చాలు, ఆ నోటూ అక్కర్లేదు. దారి చూసుకోవడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ప్యూర్ మ్యాప్స్ ఉంది. పెద్ద రోడ్లకు భేషుగ్గా పనిచేస్తుంది, ట్రాఫిక్ ఎంతుందో మాత్రం చెప్పదు. సాయంత్రం ఆరు గంటలకు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మ్యాప్ ఎందుకులెండి.

జగదీశ్ మార్కెట్ లెక్క

ఏ ఫోన్ కొనాలి? పైన్‌ఫోన్ మొదట్లో 149 డాలర్లు. 3 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వతో వచ్చిన పెద్ద రకం 199 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకున్నా దాదాపు 17,000. 18 శాతం జీఎస్టీ ఒక్కటే కలిపినా దాదాపు 20,000 అవుతుంది, కస్టమ్స్ సుంకం, కొరియర్ అదనం. ఆ డబ్బుకు వచ్చేది ఆల్‌విన్నర్ ఏ64 చిప్, 5 మెగాపిక్సెల్ కెమెరా. ఈ రోజుల్లో ఆ చిప్ మీద బ్రౌజరు తెరిస్తే నీళ్లు నమలడమే. ప్యూరిజం వాళ్ల లిబ్రెమ్ 5 ఇంకా ఖరీదు. 2017లో చందాల ద్వారా 20 లక్షల డాలర్లకు పైగా పోగేసి మొదలైన ఆ ఫోన్ మొదట 599 డాలర్లు, ఒక దశలో 1,299 దాకా వెళ్లింది.

ఆ పైన్‌ఫోన్‌లో నాకు నచ్చేది ఒకటుంది. వెనక మూత గోటితో తీస్తే చాలు, స్క్రూలు లేవు. బ్యాటరీ పైన గోరంత స్విచ్‌లు ఆరు వరసగా ఉంటాయి: మోడెం, వైఫై, మైక్, వెనక కెమెరా, ముందు కెమెరా, హెడ్‌ఫోన్. టూత్‌పిక్‌తో ఒకటి జరిపితే మైక్‌కు కరెంటే పోతుంది. ఏ యాప్ ఎంత మొత్తుకున్నా వినబడదు. ఈ భరోసా లక్ష రూపాయల మామూలు ఫోన్లలో కూడా ఉండదు.

డబ్బు ఆదా కావాలంటే మాత్రం దారి అబిడ్స్ జగదీశ్ మార్కెట్ వైపు. అక్కడ పాత ఫోన్లలో రెండు పేర్లు అడగండి: పోకో ఎఫ్1, వన్‌ప్లస్ 6. రెండూ 2018వే. మొదటిది అప్పట్లో 20,999కి, రెండోది 34,999కి వచ్చాయి. రెండింట్లోనూ స్నాప్‌డ్రాగన్ 845 చిప్. దాన్ని లినక్స్ ప్రధాన కెర్నెల్‌లోకి స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చాలావరకు తెచ్చారు. పోకో ఎఫ్1కి కంపెనీ ఇచ్చిన చివరి ఆండ్రాయిడ్ 10, వన్‌ప్లస్ 6కి 11. ఆ తర్వాత వాటిని కంపెనీలు మరిచిపోయాయి. పోస్ట్‌మార్కెట్ ఓఎస్ ఏడాదికి రెండు విడుదలలు ఇస్తోంది. ఫోన్‌కు పదేళ్ల జీవితం ఇవ్వాలన్నది మొదటి రోజు నుంచీ ఆ బృందం పెట్టుకున్న లక్ష్యం. రెండేళ్లకో ఫోన్ కొనే ఇంట్లో ఈ అంకె బరువు తెలుస్తుంది.

కొనేముందు *#06# కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐని పెట్టె మీది దానితో సరిచూసుకోండి. టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో ఆ నంబరు దొంగ ఫోన్ల జాబితాలో ఉందేమో కూడా చూడొచ్చు. తర్వాత బూట్‌లోడర్ తాళం తీయాలి. వన్‌ప్లస్ 6 అయితే కేబుల్ పెట్టి ఒక ఆదేశం ఇస్తే చాలు. పోకో అయితే కంపెనీ ఖాతా తెరిచి, దరఖాస్తు పెట్టి, చాలామంది 168 గంటలు ఆగాల్సి వచ్చింది, అంటే పూర్తిగా ఒక వారం. పోకోలో ఇంకో చిక్కు ఉంది. ఒకే మోడల్‌లో టియాన్మా, ఈబీబీజీ అని రెండు కంపెనీల తెరలు వాడారు. పోస్ట్‌మార్కెట్ ఓఎస్ దించుకునేటప్పుడు మన ఫోన్‌లోది ఏ తెరో చూసి దాని ఇమేజే తీసుకోవాలి. తప్పు ఇమేజ్ ఎక్కిస్తే తెర వెలగదు. బయటికి రెండు ఫోన్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, షాపువాడిని అడిగితే మన మొహం చూస్తాడు.

ఫోన్‌లో ఏ లినక్స్ ఎక్కించాలన్నది ఇంకో ఎంపిక. పోస్ట్‌మార్కెట్ ఓఎస్, మోబియన్ ఆండ్రాయిడ్ డ్రైవర్ల జోలికి పోవు, అంతా ప్రధాన లినక్స్‌తోనే నడపాలని పట్టు. అందుకే కెమెరా ఇంకా పూర్తిగా దారికి రాలేదు. ఉబుంటు టచ్ అలా భీష్మించుకోదు. హేలియమ్ అనే పొర ద్వారా ఫోన్‌తో వచ్చిన ఆండ్రాయిడ్ డ్రైవర్లనే వాడుకుంటుంది. కెమెరా, బ్యాటరీ, బ్లూటూత్ దాని చేతిలో నయంగా ఉంటాయి. రోజువారీ ఫోన్ కావాలంటే ఉబుంటు టచ్, లినక్స్ నేర్చుకోవడానికైతే పోస్ట్‌మార్కెట్ ఓఎస్. ఇద్దరి శిష్యులూ నాతో గొడవపడతారు, పడనివ్వండి.

బ్యాటరీ గురించి ఒక్క మాట. పైన్‌ఫోన్‌ది 3,000 ఎంఏహెచ్, పోకోది 4,000, లిబ్రెమ్ 5ది 4,500. ఈ అంకెలు చూసి మోసపోకూడదు. ఆండ్రాయిడ్ తెర ఆరిన కాసేపటికే యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ల్యాప్‌టాప్ కోసం పుట్టిన లినక్స్‌కు ఆ జోలపాట ఇంకా సరిగా రాదు. ఫోన్ మెలకువగా ఉండి 500 మిల్లీ యాంపియర్లు లాగుతోందనుకుంటే 3,000 బ్యాటరీ 6 గంటలు. అందుకే పైన్‌ఫోన్‌లో ప్రధాన చిప్‌ను పూర్తిగా పడుకోబెట్టి మోడెంను మాత్రం మేలుకొలిపి ఉంచుతారు. కాల్ వస్తే మోడెం చిప్‌ను తట్టి లేపుతుంది. లేచి, తెర వెలిగి, రింగ్ మోగేసరికి కొన్ని సెకన్లు పోతాయి. రెండు రింగులకే పెట్టేసే కొరియర్ అబ్బాయి కాల్ ఈ ఫోన్‌లో మిస్‌డ్ కాలే.

తెలుగు మాటేమిటి

చదవడానికి లోటు లేదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు. వాటిని గుణింతాలు, వత్తులతో సరిగా పేర్చే పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉన్నది అదే. ఫాంట్లకు కరువే లేదు: లోహిత్, నోటో, వాటితోపాటు సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన సురవరం, మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి. నచ్చిన ఫాంట్ ఫైలును ఫోల్డర్‌లో పడేసి, సెట్టింగుల్లో ఎంచుకుంటే ఫోన్ మొత్తం ఆ అక్షరాల్లోకి మారిపోతుంది. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లు ఇంత స్వేచ్ఛ ఇవ్వవు.

రాయడం దగ్గరే కొంచెం పని ఉంది. లినక్స్‌లో తెలుగు కీబోర్డు పొందిక చాలాకాలంగా ఉంది. బ్లూటూత్ కీబోర్డు తగిలిస్తే వెంటనే రాసుకోవచ్చు. తెర మీది కీబోర్డు కావాలంటే, లినక్స్ ఫోన్లలో ఫాష్ అనే ముఖతెర వాడేవాళ్లకు స్క్వీక్‌బోర్డు ఉంది. అందులో ఒక్కో భాష పొందిక ఒక సాదా టెక్స్ట్ ఫైలు. ఏ మీట ఎక్కడుండాలో వరసగా రాసుకుంటూ పోవడమే, ప్రోగ్రామింగ్ రానవసరం లేదు. ఇంటర్ చదివే పిల్లలు ఓ ఆదివారం కూర్చుని తమకు నచ్చినట్టు రాసుకోగలరు. నచ్చకపోతే మళ్లీ మార్చుకోగలరు. మనూళ్లో ఈ తరహా పని కొత్త కాదు. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్ కేంద్రంగా, ఇంజినీరింగ్ విద్యార్థులను కూడగట్టి, లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. ఆ పని కంప్యూటరు బల్ల దగ్గర జరిగింది. ఫోన్ తెర మీద దానికి కొనసాగింపు ఇంకా బాకీ ఉంది.

ఇక తుది లెక్క. 2జీ ఉన్న సిమ్ వేస్తే కాల్ వస్తుంది. యూపీఐ యాప్ నడవదు, 123పే నడుస్తుంది. వాట్సాప్ ఇప్పటికి నడుస్తుంది, రేపటికి హామీ లేదు. కెమెరా ఫోన్‌ను బట్టి. చదువు, పీడీఎఫ్, బ్రౌజరు, టెలిగ్రామ్ హాయిగా నడుస్తాయి. బ్యాంకు యాప్ మీద జీతం, వాట్సాప్ గ్రూపు మీద ఉద్యోగం ఆధారపడినవాళ్లు ఈ ఫోన్ ఒక్కదానితో బతకలేరని నేను తేల్చి చెబుతాను. రెండు ఫోన్లకు సిద్ధపడితే మాత్రం మాట మారుతుంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్‌తో ఓ చౌక ఆండ్రాయిడ్, అందులో యూపీఐ, వాట్సాప్ తప్ప ఇంకేమీ వద్దు. మిగతా రోజంతా లినక్స్ ఫోన్.

జగదీశ్ మార్కెట్‌కు బయల్దేరేముందు ఒక పని చేయండి. ఓ వారం పాటు మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏయే యాప్ తెరిచారో కాగితం మీద రాసుకోండి. బ్రౌజరులో జరిగే పనులన్నీ కొట్టేయండి. మిగిలినవి రెండు మూడైతే కొనండి. పదైతే ఆ డబ్బు దాచుకోండి.